వనరుల కోసం పోటీ జీవుల సంఖ్యను ఎలా మారుస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

పోటీ అనగానే కొమ్ములు కలబెట్టి కుమ్ముకునే దుప్పులు మన కళ్ళ ముందు మెదులుతాయి. ప్రకృతిలో జరిగే పోటీలో అలా కంటికి కనిపించేది చాలా తక్కువ. ఒక పిట్ట తినేసిన గింజ ఇంకో పిట్టకు దొరకదు. ఆ రెండు పిట్టలూ ఒకదాన్నొకటి ఎన్నడూ చూసి ఉండకపోవచ్చు. అయినా వచ్చే ఏడాది ఆ చోట ఎన్ని పిట్టలు మిగులుతాయన్నది అలాంటి గింజల దగ్గరే తేలిపోతుంది. ఇంత లోతైన విషయం పాఠ్యపుస్తకంలో రెండు నిర్వచనాలు, ఒక గ్రాఫుతో ముగిసిపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. అందుకే విద్యార్థులు, రైతులు, పక్షులను చూడటానికి వెళ్ళేవారు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలను తీసుకుని, కాస్త విడమరచి జవాబులు రాశాను.

వనరు అంటే తిండి ఒక్కటేనా?

కాదు. ఒకరు వాడుకున్న కొద్దీ మరొకరికి తగ్గిపోయేది ఏదైనా వనరే. మొక్కలకు వెలుతురు, నీరు, నేలలోని నత్రజని, భాస్వరం. జంతువులకు తిండి, నీరు, తల దాచుకునే చోటు, గూడు కట్టుకునే కొమ్మ. సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టు చెరువులో నీళ్ళ మధ్య నిలిచి ఉండే కడప అనే జాతి చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు కట్టుకుంటాయి. చేపల కోసం పులికాట్ సరస్సు దాకా ఎగిరి వెళ్ళి వస్తాయి. సరస్సులో చేపలు ఎన్ని ఉన్నా, చెరువులో చెట్టు లేకపోతే వాటికి పిల్లలు లేవు. జీవుల సంఖ్యకు పగ్గం వేసేది అన్నిటికంటే ముందు అయిపోయే వనరు. అది తిండే కానక్కరలేదు.

ఒకచోట వనరు కానిది మరోచోట ప్రాణాధారమైన వనరు అవుతుంది. నేల మీద ఊపిరి కోసం ఎవరూ పోటీ పడరు. చేపల చెరువులో మాత్రం రాత్రంతా చేపలు, నాచు, అడుగున కుళ్ళే పదార్థం కలిసి నీటిలోని ఆక్సిజన్‌ను ఖర్చు చేసేస్తాయి. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయంటే రైతు గుండె జారిపోతుంది, నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్ల దగ్గరికి పరుగెత్తుతాడు. ఆ గంటలో ఆ చెరువులో అసలైన పోటీ మేత కోసం కాదు, ఆక్సిజన్ కోసం.

ఒకే జాతి జీవుల మధ్య పోటీ ఎక్కువా, వేర్వేరు జాతుల మధ్య ఎక్కువా?

సాధారణంగా ఒకే జాతిలోనే ఎక్కువ. కారణం సులభం. ఒక శీలావతి చేపకు కావలసినవన్నీ, అదే లోతులో, అదే వేళకు, పక్కనున్న శీలావతికి కూడా కావాలి. మన ఆంధ్ర చేపల రైతులు ఈ సంగతిని చాలా తెలివిగా వాడుకుంటారు. చేప పిల్లలను మొదట చిన్న చెరువుల్లో కావాలనే ఒత్తుగా వేసి ఉంచుతారు. చోటు, మేత చాలక అవి నెలల తరబడి గిడసబారి, చిన్నవిగానే ఉండిపోతాయి. తరువాత వాటిని పెద్ద చెరువులో పలుచగా వదిలితే, అంతవరకు అణిగి ఉన్న పెరుగుదల ఒక్కసారిగా పుంజుకుంటుంది. జాతి అదే, విత్తనం అదే. మారినదల్లా చుట్టూ ఉన్న సాటి చేపల సంఖ్య.

పోటీ వల్ల జీవులు చనిపోతాయా? సంఖ్య అసలు ఎలా తగ్గుతుంది?

చావు చివరి మెట్టు. దానికి ముందే చాలా జరిగిపోతుంది. తిండి చాలని జీవి నెమ్మదిగా ఎదుగుతుంది, ఆలస్యంగా ఈడుకు వస్తుంది, తక్కువ గుడ్లు పెడుతుంది. ఒత్తుగా నాటిన వరిలో మొక్కలు చావవు, పిలకలు తగ్గుతాయి, కంకి చిన్నదవుతుంది. పుట్టవలసినవి పుట్టకపోవడం వల్ల కూడా జీవుల సంఖ్య పడిపోతుందన్నది చాలామందికి తట్టని విషయం. శవాలు కనిపించవు కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాం.

కొంగల గూళ్ళలో దీన్ని దగ్గర నుంచి చూడవచ్చు. చాలా కొంగలు రోజు విడిచి రోజు గుడ్డు పెట్టి, మొదటి గుడ్డు నుంచే పొదగడం మొదలుపెడతాయి. అందుకని పిల్లలు ఒకదాని తరువాత ఒకటి బయటికి వస్తాయి. చేపలు సమృద్ధిగా ఉన్న ఏడాది అన్నీ బతుకుతాయి. కరువు ఏడాది పెద్ద పిల్ల ముందు తినేస్తుంది, కడగొట్టు పిల్ల ఆకలితో పోతుంది. చూడటానికి మనసు కలచివేసే దృశ్యమే. కానీ ఉన్న కొద్ది తిండిని అందరికీ సమానంగా పంచితే అన్నీ అర్ధాకలితో పోయేవి. ఈ పద్ధతిలో కనీసం ఒకటి రెండు నిలబడతాయి.

భరించగల సామర్థ్యం అంటే ఏమిటి? అది దాటితే ఏమవుతుంది?

ఒక చోటు తన వనరులు తరిగిపోకుండా ఎన్ని జీవులను పోషించగలదో ఆ లెక్కే భరించగల సామర్థ్యం. జీవుల సంఖ్య ఆ గీతకు దగ్గరవుతున్న కొద్దీ పోటీ పెరిగి, పెరుగుదల నెమ్మదిస్తుంది. బెల్జియం గణితవేత్త వెర్‌హల్స్ట్ 1838లోనే దీనికి సమీకరణం రాశాడు. ఎస్ అక్షరంలా సాగి పైన సమతలమయ్యే గ్రాఫు అదే.

గ్రాఫు అంత నున్నగా ప్రకృతి ఎప్పుడూ నడవదు. అలాస్కాకు చెందిన సెయింట్ మాథ్యూ దీవికి 1944లో 29 రెయిన్‌డీర్ జింకలను తెచ్చి వదిలారు. వాటిని వేటాడే జంతువు అక్కడ లేదు. నేలంతా లైకెన్ (నాచులా నేలకు అంటుకుని పెరిగే జీవి, జింకల మేత) పరచుకుని ఉంది. 1963 నాటికి అవి దాదాపు 6000 అయ్యాయి. అప్పటికే వాటి శరీర బరువు కొన్నేళ్ళ కిందటి జింకలతో పోలిస్తే బాగా తగ్గింది. ఆ హెచ్చరిక ఎముకల్లో, కొవ్వులో ఉంది, తలల లెక్కలో లేదు. లైకెన్ చాలా నెమ్మదిగా పెరుగుతుంది. మేసిన చోట మళ్ళీ పరచుకోవడానికి ఏళ్ళు పడుతుంది. 1963-64 శీతకాలం కఠినంగా వచ్చింది, మంచు కింద తినడానికి ఏమీ మిగల్లేదు. 1966లో లెక్కపెడితే 42 జింకలు. వాటిలో మగది ఒక్కటే. కొన్నేళ్ళకు ఆ దీవి మీద ఒక్కటి కూడా మిగల్లేదు. సంఖ్య పెరుగుతున్నంత మాత్రాన జాతి క్షేమంగా ఉందని అనుకోకూడదని చెప్పడానికి నాకు ఇంతకంటే గట్టి ఉదాహరణ తెలియదు.

రెండు జాతులకు ఒకే వనరు కావలసివస్తే?

రష్యా శాస్త్రవేత్త గాస్ పారమీషియం అనే ఏకకణ జీవులతో ఈ ప్రశ్నకు జవాబు వెతికి, 1934లో ఫలితాలు ప్రచురించాడు. పారమీషియం ఆరీలియాను, పారమీషియం కాడేటమ్‌ను విడివిడిగా పెంచితే రెండూ హాయిగా పెరిగాయి. ఒకే గొట్టంలో ఒకే బ్యాక్టీరియా తిండితో పెంచితే ఆరీలియా నిలిచింది, కాడేటమ్ క్రమంగా కనుమరుగైంది. ఒకే పరిమిత వనరు మీద, ఒకే తీరుగా ఆధారపడే రెండు జాతులు చిరకాలం కలిసి ఉండలేవన్న పోటీ వర్జన సూత్రానికి ఈ ప్రయోగమే పునాది.

అదే శాస్త్రవేత్త చేసిన ఇంకో ప్రయోగాన్ని మన తరగతుల్లో అంతగా చెప్పరు. కాడేటమ్‌ను ఈసారి పారమీషియం బర్సేరియాతో కలిపి పెంచాడు. రెండూ బతికాయి. కాడేటమ్ పైభాగంలో తేలే బ్యాక్టీరియాను తింటే, బర్సేరియా గొట్టం అడుగున చేరిన ఈస్ట్‌ను తింది. బర్సేరియా ఒంట్లో పచ్చని శైవలాలు, అంటే నాచు లాంటి సూక్ష్మజీవులు, ఉంటాయి. అవి ఇచ్చే ఆక్సిజన్ వల్ల అడుగున ఉండటం దానికి కష్టం కాలేదు. మొదటి ప్రయోగంలో ఓడిన జీవే రెండో ప్రయోగంలో బతికి బట్టకట్టింది. ఓటమి గెలుపులు జీవి ఒక్కదానిలో లేవు, పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంటాయి.

మరి ఒకే చెరువులో, ఒకే అడవిలో ఇన్ని జాతులు ఎలా కలిసి ఉంటున్నాయి?

పంచుకుని. బొచ్చె నీటి పైపొరలో తేలే సూక్ష్మజీవులను తింటుంది, శీలావతి నడుమ తిరుగుతుంది, ఎర్రమోసు అడుగున కుళ్ళిన పదార్థాన్ని ఏరుకుంటుంది. మూడింటినీ ఒకే చెరువులో వేయడం ఈ పంపకం మీద ఆధారపడిన పద్ధతే. పక్షులలోనూ అంతే. గూడబాతు ఈదుతూ సంచి లాంటి ముక్కుతో చేపలను ఎత్తుకుంటుంది. ఎర్రకాళ్ళ కొంగ లోతులేని నీటిలో ముక్కు ముంచి, తాకిడిని బట్టి చేపను పట్టుకుంటుంది. నత్తగుల్ల కొంగకు పేరులోనే తిండి ఉంది. ఒకే చెట్టు మీద పక్కపక్కన గూళ్ళు కట్టినా వాటి కంచాలు వేరు.

వేటాడే జంతువుల సంగతి కొంచెం సున్నితం. కర్ణాటకలోని నాగరహొళె అడవిలో పులి, చిరుత, రేచుకుక్క మూడూ ఉన్నాయి. ఉల్లాస్ కారంత్, సంక్విస్ట్ 1995లో ప్రచురించిన అధ్యయనంలో పులి చంపిన జంతువుల సగటు బరువు 90 కిలోలకు పైన ఉంటే, చిరుత, రేచుకుక్కలు చంపినవాటి సగటు బరువు దాదాపు 40 కిలోలు. అడవిదున్న, కణుజు వంటి పెద్ద జంతువులు సమృద్ధిగా ఉన్నచోటే ఈ పంపకం సాధ్యం. పెద్ద జంతువులను మనం వేటాడి ఖాళీ చేస్తే పులి కూడా చిరుత తినే దుప్పి మీదకే వస్తుంది. అప్పుడు చిరుత అడవి అంచుకు, ఊళ్ళ వైపుకు జరుగుతుంది. ఊరి మేకను చిరుత ఎత్తుకుపోయిందన్న వార్త వెనుక ఒక్కోసారి అడవి లోపల తరిగిపోయిన కణుజుల కథ ఉంటుంది.

పోటీ జీవుల శరీరాన్ని కూడా మారుస్తుందా?

మారుస్తుంది. దీన్ని కళ్ళతో చూసి, స్కేలుతో కొలిచినవాళ్ళు ఉన్నారు. గాలపగోస్ దీవుల్లోని డాఫ్నీ మేజర్ అనే బుల్లి దీవి మీద పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి దశాబ్దాల తరబడి ఫించ్ పిట్టలను పట్టి, కాళ్ళకు రింగులు తొడిగి, ముక్కులు కొలుస్తూ వచ్చారు.

1977లో అక్కడ వాన పడలేదు. మధ్యరకం నేల ఫించ్‌లు ఇష్టపడే చిన్న గింజలు ముందు అయిపోయాయి. మిగిలినవి ముళ్ళ పెంకులో దాగిన పెద్ద గింజలు. ఆ మొక్క మన పొలం గట్ల మీద కాళ్ళకు గుచ్చుకునే పల్లేరుకు దగ్గరి చుట్టం. పల్లేరు కాయను వేళ్ళతో విరిచిన వారికి ఆ పిట్టల కష్టం వెంటనే అర్థమవుతుంది. దాన్ని పగలగొట్టగలిగిన పెద్ద ముక్కు పిట్టలు బతికాయి, చిన్న ముక్కువి రాలిపోయాయి. ఆ జాతిలో దాదాపు 85 శాతం పిట్టలు పోయాయి. మిగిలినవాటి ముక్కు సగటు మందం సుమారు అర మిల్లీమీటరు పెరిగింది. ఆ పెద్ద ముక్కు పిల్లలకూ సంక్రమించింది.

ఇక్కడిదాకా చాలామంది వినే ఉంటారు. నన్ను బాగా కదిలించేది దీని తరువాతి భాగం. 1982లో పెద్ద నేల ఫించ్ అనే ఇంకో జాతికి చెందిన కొద్ది పిట్టలు ఆ దీవికి వచ్చి గూళ్ళు పెట్టుకున్నాయి, ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగాయి. వాటి ముక్కులు ఇంకా బలమైనవి. పల్లేరు లాంటి కాయను అవి సునాయాసంగా పగలగొడతాయి. 2003, 2004లలో మళ్ళీ కరువు వచ్చింది. పాత లెక్క ప్రకారం మధ్యరకం పిట్టల్లో పెద్ద ముక్కువే బతకాలి. జరిగింది దానికి పూర్తిగా తలకిందులు. పెద్ద గింజలను కొత్త జాతి ఊడ్చేసింది. వాటి కోసం పోటీపడిన పెద్ద ముక్కు మధ్యరకం పిట్టలు ఆకలితో పోయాయి. చిన్న గింజలతో సరిపెట్టుకోగలిగిన చిన్న ముక్కు పిట్టలు ఎక్కువగా మిగిలాయి. సగటు ముక్కు ఈసారి చిన్నదయింది. పెద్ద ఫించ్‌లూ సుఖపడలేదు. గింజలు తరిగిపోయి వాటిలోనూ చాలా వరకు నశించాయి.

దీవి అదే, జాతి అదే, కరువూ కరువే. పక్కన పోటీదారు ఉండటం, లేకపోవడం అనే ఒక్క తేడాతో ఫలితం ఎదురు దిక్కుకు తిరిగింది.

ఎప్పుడూ బలమైనదే గెలుస్తుందా?

ఎక్కడ, ఏ వాతావరణంలో అన్నది చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. జోసెఫ్ కానెల్ అనే శాస్త్రవేత్త స్కాట్లాండ్ తీరంలో రాళ్ళకు అతుక్కుని బతికే బార్నకిల్స్ అనే చిన్న పెంకు జీవుల్లో రెండు రకాలను గమనించి 1961లో ప్రచురించాడు. ఒకటి దిగువన, ఇంకోటి ఎగువన ఉంటాయి. దిగువన ఉండేది వేగంగా పెరుగుతూ రెండోదాని కిందకు జొరబడి, రాతి మీది నుంచి ఊడబెరుకుతుంది, లేదా పైన కప్పేసి ఊపిరాడకుండా చేస్తుంది. కానెల్ దాన్ని తొలగించి చూస్తే, ఎగువ జాతి దిగువన కూడా చక్కగా బతికింది. కానీ ఎగువ అంచున, అలలు అరుదుగా తాకే చోట, ఆ బలశాలి ఎండకు మాడిపోతుంది. ఎండను ఓర్చుకునే బలహీన జాతికి ఆ ఇరుకు చోటే ఇల్లు.

రెండు జాతుల పిండి పురుగులతో థామస్ పార్క్ చేసిన ప్రయోగాల్లోనూ ఇదే తేలింది. వేడి, తేమ ఎక్కువైతే ఒక జాతి గెలిచింది, చల్లగా పొడిగా ఉంటే రెండోది గెలిచింది.

వేటాడే జంతువు ఉంటే పోటీ పెరుగుతుందా, తగ్గుతుందా?

చాలాసార్లు తగ్గుతుంది. అమెరికా పసిఫిక్ తీరంలో రాబర్ట్ పెయిన్ ఒక రాతి గట్టు మీది సముద్ర నక్షత్రాలను ఏరి అవతల పారేస్తూ వచ్చాడు. అవి తినే ఆల్చిప్పలకు పగ్గం లేకపోయింది. ఆల్చిప్పలు రాయంతా ఆక్రమించాయి. 1966లో ప్రచురించిన వివరాల ప్రకారం 15 జాతులున్న చోట 8 మిగిలాయి. బలమైన పోటీదారును తినేవాడు పోతే, నష్టం బలహీనులది.

బయటి నుంచి వచ్చిన మొక్కలు మన మొక్కలను ఎందుకు అంత సులభంగా తోసేస్తాయి?

వాటిని తినే పురుగులు, తెగుళ్ళు వాటితో పాటు ఓడ ఎక్కి రాలేదు కాబట్టి. తమను కాపాడుకోవడానికి అయ్యే ఖర్చు తగ్గడంతో ఆ శక్తినంతా పెరుగుదలలో పెడతాయి. సర్కారు తుమ్మ మధ్య, దక్షిణ అమెరికా మొక్క. 1870ల చివర కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో దాన్ని నాటారు, వంటచెరకు కోసం. దాని తల్లి వేరు చాలా లోతుకు దిగి నీళ్ళు తాగుతుంది. మేకలు, గొర్రెలు కాయలు తిని గింజలను ఊరంతా చల్లుతాయి. రాలిన ఆకుల రసాయనాలు చుట్టుపక్కల గింజలను సరిగా మొలకెత్తనివ్వవు. ఒక్కసారి దట్టంగా అల్లుకుంటే కింద గడ్డి ఉండదు, గడ్డి లేకపోతే దాని మీద బతికే జింకలు, పిట్టలు, పురుగులు ఉండవు.

చెరువుల్లో గుర్రపు డెక్క చేసేది వెలుతురు దోపిడీ. పైన పచ్చగా పరచుకుని కింద చీకటి చేస్తుంది. నీటి లోపలి మొక్కలు చస్తాయి, అవి కుళ్ళుతూ ఆక్సిజన్‌ను తినేస్తాయి, చేపలకు ఊపిరాడదు. మొక్కకూ మొక్కకూ మధ్య మొదలైన పోటీ ఆ చెరువు మీద ఆధారపడ్డ జాలరి వలలో చేపలు లేకపోవడంతో తేలుతుంది.

పోటీలో రోగాలకు కూడా పాత్ర ఉందా?

ఉంది. 1876లో అమెరికా నుంచి ఇంగ్లండ్‌కు తెచ్చిన బూడిద ఉడుతలు అక్కడి ఎర్ర ఉడుతలను చాలా చోట్ల తుడిచిపెట్టాయి. తిండి దగ్గర పోటీ ఒక కారణం. బూడిద ఉడుతలు మోసుకొచ్చే మశూచి లాంటి వైరస్ రెండో కారణం. అది వాటిని పెద్దగా బాధించదు, ఎర్ర ఉడుతలను చంపేస్తుంది. వేల్స్‌లోని ఆంగ్లసీ దీవి నుంచి బూడిద ఉడుతలను తొలగించాక ఎర్ర ఉడుతలు మళ్ళీ పెరిగాయి.

మనుషులను కూడా పోటీదారులుగా లెక్కించాలా?

తప్పకుండా. కొల్లేరు దగ్గర గూడబాతుకు, చేపల రైతుకు కావలసింది ఒకటే చేప. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో లోపలి చేపల చెరువుల గట్లు తెగగొట్టారు. ఆ గట్ల మీద బతికిన కుటుంబాల బాధ నిజం, సరస్సును కోల్పోయిన పక్షుల బాధ కూడా నిజం. ఒకదాన్ని దాచి రెండోదాన్ని మాత్రమే చెప్పడం సరికాదని నేను నమ్ముతాను. నల్లమలలో వేసవి కుంటల దగ్గర పశువులకూ దుప్పులకూ మధ్య జరిగేదీ ఇలాంటిదే. అటవీ శాఖ తొట్లు కట్టి ట్యాంకర్లతో నీళ్ళు నింపడం అవసరమే. కానీ నీళ్ళు పెరిగి గడ్డి పెరగకపోతే, పోటీ నీటి దగ్గర నుంచి మేత దగ్గరికి మారుతుంది. పగ్గం వేసే వనరు మారిందంతే.

పోటీ జరుగుతోందని ఎలా నిరూపిస్తారు?

ఒక జాతిని తొలగించి రెండోది పెరుగుతుందా అని చూడాలి. కానెల్ చేసింది అదే. రెండు జాతులు వేర్వేరు చోట్ల కనిపించినంత మాత్రాన పోటీ అని చెప్పలేం. ఇద్దరికీ ఇష్టాలే వేరు కావచ్చు.

ఇంట్లో పిల్లలకు దీన్ని చూపించవచ్చా?

చూపించవచ్చు. ఒకే కొలత ఉన్న మూడు కుండీలు, ఒకే మట్టి తీసుకోండి. ఒకదానిలో 5 పెసర గింజలు, రెండోదానిలో 50, మూడోదానిలో 25 పెసర గింజలతో పాటు 25 ఆవ గింజలు వేయండి. నీళ్ళు సమానంగా పోయండి. మొలిచిన వారానికి మూడూ పచ్చగా ముచ్చటగా ఉంటాయి, తేడా కనిపించదు. తొందరపడి ఆపేయకండి. మూడో వారం నుంచి ఒత్తు కుండీలో కాడలు సన్నగా పైకి సాగుతాయి, కింది ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. నెల తరువాత ప్రతి కుండీ నుంచీ మొక్కలను వేళ్ళతో సహా కడిగి, ఆరబెట్టి, తూకం వేయండి. 50 గింజల కుండీలో మొత్తం బరువు 5 గింజల కుండీకి పది రెట్లు ఉండదు. ఒక్కో మొక్క బరువు ఎంత పడిపోయిందో పిల్లలే భాగించి చూసుకోవాలి. ఆ భాగహారం మాత్రం మీరు చేసిపెట్టవద్దు.